ముల్లు అరుగుతుంది, గాడీ అరుగుతుంది



వాడితే అరిగిపోయే వస్తువును ఎంతకాలం వాడాలి? ఎప్పుడు పక్కన పెట్టాలి? అరుగుతుందని వాడకుండా దాచేస్తే దాన్ని కాపాడినట్టేనా? ఈ ప్రశ్నలు కాలి చెప్పు దగ్గరా వస్తాయి, నాగలి కర్రు దగ్గరా వస్తాయి. ఈసారి వాటిని రికార్డు ప్లేయరు ముల్లు దగ్గర అడిగి చూద్దాం. ఇంత చిన్న వస్తువు గురించి ధమ్మ పుస్తకంలో ఎందుకంటారా? చెప్పు అరిగితే మన కాలికే తెలుస్తుంది. కర్రు అరిగితే దున్నేవాడికి తెలుస్తుంది, వాడికంటే ముందు ఎద్దుకు తెలుస్తుంది. ముల్లు అరిగితే మాత్రం వినేవాడికి చాలా రోజులదాకా తెలియదు. తెలిసేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది, అదీ ముల్లుకు కాదు, రికార్డుకు.

ముందు వస్తువు సంగతి చూద్దాం. ప్లేయరు చెయ్యి చివర అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఒక పెట్టె ఉంటుంది. అదే కార్ట్రిడ్జ్. దాని కింద నుంచి ఒక సన్నని పుల్ల బయటికి వస్తుంది, సాధారణంగా అల్యూమినియందే. పుల్ల కొసన ఇసుక రేణువంత వజ్రపు మొన. రికార్డు తిరుగుతుంటే గాడి గోడల్లోని మెలికలు ఆ మొనను ఊపుతాయి. పుల్ల రెండో చివర చిన్న అయస్కాంతం ఉంటే అది తీగచుట్టల పక్కన కదిలి కరెంటు పుట్టిస్తుంది. కొన్నిటిలో తిరకాసు, అయస్కాంతం నిలిచి ఉంటుంది, తీగచుట్టే కదులుతుంది. ఈ పుల్లను పట్టి ఉంచి, అవసరమైనంతే ఊగనిచ్చేది ఒక చిన్న రబ్బరు ముక్క.

కాబట్టి "కార్ట్రిడ్జ్ ఎంతకాలం వస్తుంది?" అని ఎవరైనా అడిగితే ఒక్క జవాబు చెప్పలేం. అందులో మూడు ఆయుష్షులున్నాయి. తీగచుట్ట, అయస్కాంతం దశాబ్దాలు ఉంటాయి. మొన ఆయుష్షు గంటల్లో కొలుస్తారు, వాడినప్పుడే అది తరుగుతుంది. రబ్బరు ఆయుష్షు ఏళ్లల్లో ఉంటుంది, వాడినా వాడకపోయినా తరుగుతుంది. ఒకే పెట్టెలో ఒకటి పని వల్ల ముసలిదవుతుంది, ఇంకొకటి కాలం వల్ల ముసలిదవుతుంది. అనిత్యం అనే మాటను మనం ఒక్క గుక్కలో అనేస్తాం గానీ, దానికి ఇన్ని నడకలున్నాయి.

గంటల లెక్క చెప్తాను. జపాను కంపెనీ ఆడియో-టెక్నికా చెప్పే ప్రకారం గుండ్రటి మొన సుమారు 500 గంటలు, అండాకారపు మొన 300, షిబాటా అనే రకం 800, మైక్రోలీనియర్ అనేది 1000 గంటలు నడుస్తాయి. డెన్మార్కు కంపెనీ ఆర్టోఫోన్, బాగా చూసుకుంటే 1000 గంటలదాకా వస్తుందంటుంది. అండాకారం గుండ్రటిదానికంటే ఖరీదైనది కదా, మరి తొందరగా ఎందుకు అరుగుతుంది? గాడిలోని సన్న మెలికలను చదవడానికి దాని పక్కలను పలచగా చెక్కుతారు. ఆనే చోటు చిన్నదవుతుంది, ఒత్తిడంతా అక్కడే పడుతుంది. షిబాటా మొన 1970ల మొదట్లో జపానులో నాలుగు స్పీకర్ల రికార్డుల కోసం పుట్టింది. అది గాడి గోడకు నిలువునా పొడుగ్గా ఆనుతుంది. బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, ఎక్కువ కాలం ఉంటుంది.

ఆ మొన నడిచే దూరం ఎంతో ఎప్పుడైనా ఆలోచించారా? ఎల్పీ ఒక పక్క 20 నిమిషాలు పాడుతుందనుకోండి. నిమిషానికి 33⅓ చుట్లు, మొత్తం 660 పైన. ఆ గాడిని విప్పి నేలమీద పరిస్తే 400 మీటర్లు దాటుతుంది. గంటకు కిలోమీటరుకు పైగా నడక. 500 గంటలంటే 600 కిలోమీటర్లు దాటిపోయిందన్నమాట. హైదరాబాదు నుంచి విశాఖపట్నందాకా, ఒంటికాలి మీద, కాలు ఒక్కసారి కూడా ఎత్తకుండా ఈడ్చుకుంటూ పోవడం.

మోసే బరువు ఒకటిన్నర, రెండు గ్రాములే. కానీ అది ఆనే చోటు వెంట్రుక మందంలో చిన్న ముక్కంత. చదరపు అంగుళానికి లెక్క కడితే టన్నుల్లో తేలుతుంది. దానికి తోడు గాడిలో దుమ్ము, దుమ్ములో ఇసుక. వినైలు వజ్రంకంటే ఎంతో మెత్తన, మెత్తనిది గట్టిదాన్ని ఎలా అరగదీస్తుందని అడుగుతారు కొందరు. పాత ఊరబావి గట్టు చూడని వాళ్లు అడిగే ప్రశ్న అది. చేదతాడు రాయికంటే గట్టిదా? ఎన్ని తరాలు తోడితే అన్ని గాళ్లు రాతిలో పడ్డాయి.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. అరిగిన మొన గుండ్రంగానే ఉండి కొంచెం పొట్టిదైతే గొడవే లేదు. అలా జరగదు. గాడి రెండు గోడలకూ ఆనే రెండు పక్కలా చదును పడుతుంది. ఆ చదునుకు అంచులు తేలతాయి. అంచులు ఉలిలా తయారవుతాయి. అప్పటిదాకా గాడిని చదివిన మొన అక్కడి నుంచి గాడిని చెక్కడం మొదలుపెడుతుంది. చెక్కిన గాడి మళ్లీ రాదు. మీరు రేపు కొత్త ముల్లు కొని పెట్టినా, నిన్న పడిన గరగర ఆ రికార్డులో ఉండిపోతుంది.

చెవికి మొదట తెలిసేది శ, ష, స ల దగ్గర. ఆ అక్షరాలు చిట్లినట్టు, బుస కొట్టినట్టు వినిపిస్తాయి. అది కూడా రికార్డు చివరి పాటలో ముందు. బయటి అంచు దగ్గర గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో మొన కింద జారుతుంది, లోపలి చివర 21 సెంటీమీటర్లే. అదే పాటను అంత తక్కువ చోట ఇరికించి రాస్తారు కాబట్టి అక్కడ మెలికలు బిగువుగా ఉంటాయి, అరిగిన మొన వాటిలో దూరలేదు. ఇవన్నీ వినిపించే గుర్తులే. కానీ రోజుకు కొంచెం చొప్పున తగ్గుతూ వచ్చేదానికి చెవి సర్దుకుపోతుంది. నిన్నటి పాటకూ ఇవాళ్టి పాటకూ తేడా ఉండదు. ఆర్నెల్ల కిందటి పాటకు, ఇవాళ్టి పాటకు ఉంటుంది. కానీ ఆర్నెల్ల కిందటి పాట మన దగ్గర ఎక్కడుంది పోల్చుకోవడానికి?

తెలియకుండా చేసే హానికి మనం ఎప్పటి నుంచి బాధ్యులం? తెలిసిన క్షణం నుంచి అని లోకం మాట. నాకు అది చాలదనిపిస్తుంది. చెవి తెలుసుకోలేదని మనకు ముందే తెలుసు. అరుగుదల కూడబడుతుందనీ తెలుసు. ఈ రెండూ తెలిసినవాడు "నాకు వినిపించలేదు" అంటే ఒప్పుకోవడం కష్టం. అప్రమత్తత అని తథాగతుడు అంత గట్టిగా చెప్పింది కళ్లు పెద్దవి చేసుకుని కూర్చోమని కాదనుకుంటాను. మన ఇంద్రియాలు ఎక్కడ మోసపోతాయో ముందే తెలుసుకుని, ఆ చోట ఇంకొక కాపలా పెట్టుకోమని. ముల్లు విషయంలో ఆ కాపలా చాలా చవకది, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు. ఒక పక్క వింటే ఒక గీత. మూడు గీతలు ఒక గంట.

మీలో ఎవరో అడుగుతారు, "రికార్డుకు దుఃఖం ఉందా? ప్లాస్టిక్కు ముక్కకు హాని ఏమిటి?" అని. న్యాయమైన ప్రశ్న. రికార్డుకు దుఃఖం లేదు. దాన్ని రేపు వినేవాడికి ఉంటుంది. పాతసామాన్ల అంగడిలో ఒక రికార్డు కొంటారు. అట్ట బాగుంది, పైకి గీతలు లేవు, నలుపు నిగనిగలాడుతోంది. ఇంటికి తెచ్చి కొత్త ముల్లు పెడితే బుస కొడుతుంది. మీ తప్పేముంది? ఏమీ లేదు. ఎవరో, ఎప్పుడో, మీకు పేరు కూడా తెలియని ఇంట్లో, అరిగిన ముల్లుతో దాన్ని వంద సార్లు వాయించారు. వాళ్లు చేసింది మీరు అనుభవిస్తున్నారు.

బాబాసాహెబ్ కమ్మ గురించి రాసిన చోట్లు చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఈ జన్మలో పడే బాధకు పోయిన జన్మలో మనం చేసిన పాపమే కారణమన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. మనుషుల పనులు లోకపు నైతిక వ్యవస్థను నిలబెడతాయి లేదా చెడగొడతాయి, ఫలం అందరి మీదా పడుతుంది అన్నది ఆయన చదువుకున్న తీరు. గరగరలాడే రికార్డు కొన్నవాడికి "నీ పూర్వజన్మ ఫలం" అని చెప్పేవాణ్ని ఊహించుకోండి, నవ్వొస్తుంది. అదే మాట వాడలో పుట్టినవాడికి చెప్తే మాత్రం వేల ఏళ్లు ఎవరూ నవ్వలేదు.

డబ్బు సంగతి దాటేసి మాట్లాడితే మోసం చేసినట్టవుతుంది. లక్క రికార్డుల కాలంలో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్ల రోజుల్లో, ఉక్కు ముళ్లు డబ్బాల్లో అమ్మేవారు. ఒక్కో ముల్లు ఒకే పక్కకు వాడమని చెప్పేవారు. మూడు, నాలుగు నిమిషాల పాట, అంతే, ఆ ముల్లు పారెయ్యాలి. తమాషా ఏమిటంటే, ఆ ప్లేట్లలో కావాలనే రాతిపొడి కలిపేవారు. ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆకారానికి అరిగి సర్దుకోవాలని, గాడికి బదులు ముల్లే అరగాలని. చవకదాన్ని అరగనిచ్చి విలువైనదాన్ని కాపాడే ఏర్పాటు అది. తెలివైనదే. కానీ పాటకొక ముల్లు పారేసేవాళ్లు ఎంతమంది? మామూలు ఇంట్లో అదే ముల్లును పది పాటలకూ వాడారు, కొందరు మొన సానబట్టి మళ్లీ పెట్టారు. వాళ్లను నేను తప్పుపట్టను. చేతిలో లేని డబ్బుకు బదులు ప్లేటు చెల్లించింది.

తర్వాత మన ఊళ్లలో మైకుసెట్ల కాలం వచ్చింది. పెళ్లికి, పుష్పవతి వేడుకకు, ఎన్నికలకు, చావుకు కూడా రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, చెట్టుకు కట్టిన హారను. తెల్లవార్లూ అవే రికార్డులు. హరిశ్చంద్ర పద్యాలు పెట్టకపోతే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. ఆ కాటిసీనులో వినిపించే పద్యాల్లో మన జాషువా గారివి ఉన్నాయని వింటున్న పెద్దల్లో ఎంతమందికి తెలుసో! ఒకప్పుడు మైకుసెట్టు నడిపిన ఒక పెద్దాయనను ముల్లు ఎన్నాళ్లకు మార్చేవారని అడిగాను. "పాట గరగరలాడితే మార్చేవాణ్ని బాబూ" అన్నాడు. గరగరలాడేసరికి ఆలస్యమైపోయిందని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ఆ సెట్లలో చాలావాటికి వజ్రం కూడా కాదు, సఫైరు మొన. వజ్రం వందల గంటలు ఆగితే సఫైరు పదుల గంటలే ఆగుతుంది. పైగా ఆ రోజుల్లోని స్ఫటికపు కార్ట్రిడ్జ్‌లు ఐదారు గ్రాములు, అంతకంటే ఎక్కువ బరువుతోనే గాడి మీద కూర్చునేవి. వాటిలో వాడిన రోషెల్ ఉప్పు స్ఫటికానికి తేమా పడదు, వేడీ పడదు. 55 డిగ్రీల దగ్గర పాడైపోతుంది. కోస్తా ఉక్కలోనూ, ఎండలో నిలబెట్టిన బండిలోనూ అవి ముల్లు అరగకముందే మూగబోయేవి.

బరువు అన్నాను కదా, ఇక్కడ చాలామంది పొరబడతారు. ముల్లు మీద బరువు తగ్గిస్తే రెండూ తక్కువ అరుగుతాయి అనుకుని, కంపెనీ 2 గ్రాములంటే వీళ్లు 1 గ్రాము పెడతారు. దయ చూపించామనుకుంటారు. చాలినంత బరువు లేని మొన గాడిలో నిలవదు. పెద్ద మెలిక వచ్చినప్పుడల్లా గోడను వదిలి ఎగిరి, మళ్లీ వచ్చి గుద్దుకుంటుంది. ఆ దెబ్బలు గాడిని ఎక్కువ పాడుచేస్తాయి. మరీ ఎక్కువ బరువు పెడితే అరుగుదల పెరుగుతుంది, రబ్బరు కుంగిపోతుంది. కంపెనీ చెప్పిన హద్దుల్లో మధ్యకు కాస్త పైన ఉంచడం మేలు. సోణ కోళివిసుడి కథ మీకు తెలిసిందే. పాదాలు పగిలి నెత్తురు కారేదాకా చంక్రమణం చేసి, ఫలం దక్కక ఇంటికి పోదామనుకున్నవాడు. గృహస్థుగా ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే ఏమవుతుంది, మరీ వదిలేస్తే ఏమవుతుందని బుద్ధుడు అతన్నే అడిగాడు. ఈ కథను మనం మాటకు ముందు ఉపన్యాసాల్లో వాడేసి పలచన చేశాం. ప్లేయరు ముందు కూర్చుని చిన్న త్రాసు మీద ముల్లు బరువు చూస్తున్నప్పుడు దానికి మళ్లీ ప్రాణం వస్తుంది. ఆ మధ్య అనేది రెంటికీ రాజీ చేసి సగానికి పంచింది కాదు. పని జరిగే చోటు అది.

సరే, అంతా సరిగ్గా చేశారు. మొన కొత్తది, బరువు సరైనది, రికార్డు శుభ్రంగా తుడిచారు. అప్పుడైనా అరుగుదల ఆగుతుందా? బాగా తగ్గుతుంది, ఆగదు. విన్న ప్రతిసారీ గాడి నుంచి ఏదో కొంత పోతుంది. మరి వినడం మానేద్దామా?

మానేసినవాళ్లున్నారు. అట్ట విప్పకుండా రికార్డులు దాచేవాళ్లు, 40 ఏళ్ల కిందటి కార్ట్రిడ్జ్‌ను పెట్టెతో సహా కొని బీరువాలో పెట్టేవాళ్లు. కార్ట్రిడ్జ్ దాచినవాళ్లకు పెట్టె తెరిచిన రోజున ఆశ్చర్యం ఎదురవుతుంది. మొన చెక్కు చెదరలేదు, ఒక్క గంట కూడా నడవలేదు. కానీ లోపలి రబ్బరు గట్టిపడిపోయి ఉండవచ్చు, లేదా మెత్తబడి పుల్ల జారిపోయి ఉండవచ్చు. పని చెయ్యకుండా ముసలిదైంది. కొత్త కార్ట్రిడ్జ్ అయితే కొన్ని గంటలు పాడాకే రబ్బరు వదులై గొంతు బాగుపడుతుందని చాలామంది వినేవాళ్ల అనుభవం.

వాడని కార్ట్రిడ్జ్‌లలో అన్నిటికంటే దూరంగా ఉన్నవి రెండు. 1977లో అమెరికా వాయేజర్ నౌకలు రెండిటిలో బంగారు పూత పూసిన రాగి రికార్డులు పంపింది. ఒక్కోదాని పక్కన ఒక కార్ట్రిడ్జ్, ఒక ముల్లు కూడా పెట్టారు, దొరికినవాళ్లు వాయించుకోవాలని. ఆ రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది. 55 భాషల పలకరింపుల్లో మన తెలుగు కూడా ఉంది. ఆ ముళ్లు ఇప్పుడు సూర్యకుటుంబపు గ్రహాలన్నీ దాటి పోతున్నాయి. అరగలేదు, ఒక్క మాటా పలకలేదు.

దాన్ని ఇంకో ముల్లు పక్కన పెట్టి చూడండి. 1956 డిసెంబరు 5 రాత్రి, ఢిల్లీ అలీపూర్ రోడ్డు 26వ నంబరు ఇంట్లో, బాబాసాహెబ్ బుద్ధవందన రికార్డును రేడియోగ్రాంలో పెట్టమన్నారని ఆయన జీవితచరిత్రలో చదువుతాం. తెల్లారితే ఆయన లేరు. ఆ రాత్రి గాడిలో నడిచిన ముల్లు కొంచెం అరిగే ఉంటుంది. ఏ కంపెనీదో, ఎన్ని గంటలు నడిచిందో, తర్వాత ఎవరు మార్చారో ఏ పుస్తకానికీ ఎక్కదు. అరిగిన ఆ కొంచెం వృథా అని మనలో ఎవరూ అనలేం.

ముట్టుకోకుండా వినే దారులూ వచ్చాయి. జపాను ఈఎల్‌పీ కంపెనీ ముల్లుకు బదులు లేజరు కాంతితో చదివే ప్లేయరు చేసింది. చాలా ఖరీదు. దానికొక చిత్రమైన కష్టం ఉంది. ముల్లు దుమ్మును పక్కకు నెట్టుకుంటూ పోతుంది, కాంతి నెట్టలేదు, దుమ్మును కూడా పాటగా చదివేస్తుంది. అమెరికాలో బర్కిలీ లాబొరేటరీ వాళ్లు పగిలిన, పాడైన పాత రికార్డుల గాళ్లను ఫొటోలు తీసి కంప్యూటరుతో శబ్దంగా మార్చే పద్ధతి కనిపెట్టారు. భద్రపరిచే సంస్థలకు ఇవి కావాలి. ఒక్కటే మిగిలిన రికార్డు ఉంటే ఒకసారి జాగ్రత్తగా కాపీ తీసి మూలాన్ని దాచడం ధర్మమే. మన వాడల్లో పాత సభల ఉపన్యాసాలో, పాటలో ప్లేట్ల మీద ఎక్కడైనా ఉంటే ముందు చెయ్యాల్సింది అదే. కానీ బజారులో వేలల్లో దొరికే రికార్డును బీరువాలో పెట్టి పూజించడం వేరే సంగతి. దాన్ని వినండి.

ఖరీదైన కార్ట్రిడ్జ్‌లలో, తీగచుట్ట కదిలే రకాల్లో, ముల్లు విడిగా ఊడి రాదు. మొన అరిగితే పనివాడి దగ్గరికి పంపి కొత్త మొన అతికించుకోవాలి. కొందరు పుల్లను కూడా మారుస్తారు. తిరిగి వచ్చాక అది పాత కార్ట్రిడ్జా, కొత్తదా? నాగసేనుడి రథం గుర్తొచ్చినవాళ్లు గుర్తు తెచ్చుకోండి, నేను ఆ వాదంలోకి దిగను. సంయుత్త నికాయంలో ఇంకో వీణ కథ ఉంది, అది నాకు ఎక్కువ ఇష్టం. ఒక రాజు వీణానాదం విని ముగ్ధుడై, ఆ నాదాన్ని పట్టి తెమ్మంటాడు. వీణ తెచ్చి ఇస్తారు. వీణ వద్దు, నాదం కావాలంటాడు. ముక్కలు చేస్తాడు, కాలుస్తాడు, బూడిద గాలికి వదులుతాడు, నాదం దొరకదు. కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు మనలోనూ ఆ రాజు లేస్తాడు. పాట వజ్రంలో ఉందా, గాడిలో ఉందా, తీగలో ఉందా అని ఖరీదైనదాని వెంట పడతాం. అన్నీ కలిసి పని చేసినంతసేపే పాట. అందులో ఒకటి అరిగితే మిగతావి ఎంత గొప్పవైనా దాని అరుగుదలే వినిపిస్తుంది.

ఇక చేతిపనికి వస్తాను. 1954లోనే హెరాల్డ్ వైలర్ అనే ఆయన ముళ్ల అరుగుదల, రికార్డుల సంరక్షణ మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశాడు. మన పుస్తకాల్లాంటిదే, చేతిలో ఇమిడేది. ముల్లును సూక్ష్మదర్శినిలో చూసుకోండి అని మొత్తుకున్నాడు. ఇప్పుడు చవకగా దొరికే చిన్న సూక్ష్మదర్శినితో మీరూ చూడవచ్చు. మొన పక్కల్లో చదునుగా మెరిసే మచ్చలు కనబడితే దాని పని అయిపోయినట్టే. ముల్లు మార్చగలిగే రకమైతే ముల్లు ఒక్కటే కొనండి, పెట్టె మొత్తం కొనక్కర్లేదు. ప్రతి పక్కకు ముందు రికార్డును మెత్తని కుంచెతో తుడవండి. మొనను తుడిచేటప్పుడు వెనక నుంచి ముందుకే తుడవాలి, అడ్డంగా తుడిస్తే పుల్ల విరుగుతుంది.

ముల్లు మార్చడానికి డబ్బు చాలకపోతే ఏం చెయ్యాలని అడిగే మిత్రులకు ఒక్క లెక్క చెప్తాను. అరగకముందే మార్చేసినవాడు ముల్లులో మిగిలిన గంటలు నష్టపోతాడు. అరిగాక కూడా వాడినవాడు తన దగ్గరున్న ప్రతి రికార్డులోనూ కొంత నష్టపోతాడు. మొదటిది కొనుక్కోవచ్చు. డబ్బు కూడేదాకా ప్లేయరు ఆపి ఉంచండి, ఫోనులో వినండి, ఆ పాటే దొరుకుతుంది. నలుగురు కలిసి ఒక ప్లేయరు పెట్టుకున్న చోట ముల్లు ఖర్చు కూడా నలుగురిదే. పాత ప్లేయరు ఎవరైనా దానంగా ఇస్తే పుచ్చుకోండి. దాని ముల్లు ఎన్ని గంటలు నడిచిందో ఇచ్చినవారు చెప్పలేరు కాబట్టి, కొత్త ముల్లు వచ్చేదాకా ఏ రికార్డు మీదా దాన్ని దించకండి. కొత్తది బిగించిన రోజున తేదీ వేసి, నోటుబుక్కులో మొదటి గీత గీయండి.